పచ్చ దీపం ముందు ఆగిన బండి

నన్ను మొదటిసారి నిరాశపరిచిన వీడియో గేము పెట్టె మీద తొమ్మిది అంకె వరసగా ఆరుసార్లు అచ్చువేసి ఉంది. అన్ని లక్షల ఆటలు అందులో ఉన్నాయని దాని అర్థం. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో మా రైల్వే క్వార్టరు ముందుగదిలో కూర్చుని నేనూ, పక్క క్వార్టరు బెంగాలీ అమ్మాయీ రెండు రోజులపాటు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాం. తేలినవి ఏడు. మిగతావన్నీ ఆ ఏడే. ఒకదాంట్లో బొమ్మకి నీలం చొక్కా ఉంటుంది, ఇంకోదాంట్లో అదే ఆట సగం నుంచి మొదలవుతుంది. ఆ అమ్మాయి "ధుర్" అని విసుక్కుని లేచి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఎక్కడో అడుగున ఒక కొత్త ఆట దాక్కుని ఉంటుందని వేసవి సెలవులన్నీ వెతికాను. నా బుద్ధి అప్పటినుంచీ అంతే.

తర్వాత ఒక క్రికెట్ ఆట వచ్చింది. బౌలరు ఎవరైనా సరే, ఫలానా చోట నిలబడి ఫలానా బటన్ నొక్కితే ప్రతి బంతీ సిక్సరే. ఆ కిటుకు తెలిసిన రోజు ఎగిరి గంతేశాను, వారం తిరిగేసరికి ఆ ఆట ముఖం చూడబుద్ధి కాలేదు. ఆ తర్వాత, నేను ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరాక, ఫోన్లో వ్యవసాయం ఆట. స్టాఫ్ రూములో అందరం రైతులమే. వంకాయ నాలుగు నిమిషాల్లో కాస్తుంది, పరీక్ష పేపర్లు దిద్ది వచ్చేలోగా కుళ్ళిపోతుంది. తన పొలానికి నేను నీళ్ళు పెట్టలేదని ఒక బెంగాలీ దీదీ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునే నిరాశలు. ఆట చెడ్డదై మనల్ని నిరాశపరచదు, అది ఇస్తానని ఎప్పుడూ అనని దాన్ని మనం అడుగుతాం కాబట్టి నిరాశ పడతాం అని నాకు ఒక అభిప్రాయం ఉండేది. పిల్లలకి క్లాసులో కూడా చెప్పేదాన్ని. పోయిన సంవత్సరం మా నాన్నకి నేను పెట్టిన ఆట దగ్గరకి వచ్చేసరికి ఆ అభిప్రాయం నాకు ఎందుకూ పనికిరాలేదు.

మా నాన్న గూడ్సు రైళ్ళ డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ మా ఇంట్లో ఆ మాట అతకలేదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి వచ్చాడు, నాన్న ఇంజనెక్కాడు. నాన్న డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఇంట్లో నడక కూడా మెల్లగా ఉండేది. ఆయన చేతిలోని డ్యూటీ సామాను ఇనప పెట్టెని మేమెవరం ముట్టుకునేవాళ్ళం కాదు.

ఇంజనులో ఇద్దరుంటారు, డ్రైవరూ ఆయన అసిస్టెంటూ. సిగ్నల్ కనబడగానే ముందు చూసినవాడు దాని రంగు గట్టిగా పైకి చెప్పాలి. రెండోవాడు తన కళ్ళతో చూసి, అప్పుడు తనూ గట్టిగా అదే చెప్పాలి. "పసుపు." "పసుపు." ఇద్దరి నోటా వస్తేనే అది పసుపు. బండి నడిచినంతసేపూ ఈ అరుపులు వినబడుతూనే ఉంటాయి. పక్కనున్నవాడు చెప్పాడు కదా అని రెండోవాడు ఊరికే వల్లించకూడదు, చూడాలి. నాన్న నాకు ఇది పదేళ్ళప్పుడే నేర్పాడు. ట్రాఫిక్ కాలనీ పిల్లలందరికీ వచ్చేది.

నాన్న దగ్గర ఆఖరున పనిచేసిన అసిస్టెంటు నిమ్‌పురా రైల్వే కాలనీలో ఉండే కుర్రాడు, మా శ్రీకాకుళం వైపు వాడే. నాన్నని బాబాయ్ అని, అమ్మని పిన్ని అని పిలిచేవాడు, నాకు అన్నయ్య. డ్యూటీ లేని ఆదివారాలు మా ఇంట్లోనే భోజనం. అమ్మ చారు గిన్నె పట్టుకుని వంటింటి గడప దాటగానే "బాబాయ్, చారు" అని అరిచేవాడు. నాన్న తలెత్తి చూసి "చారు" అనేవాడు. అప్పడాలు వచ్చేటప్పుడు ఇద్దరూ ఒకేసారి అరిచేవాళ్ళు. అమ్మ తిడుతూ నవ్వేది. నాకు సొంత అన్నదమ్ములు లేరు, ఆ లోటు నాకు తెలియకుండా ఉండడానికి కారణం అతనే.

పదేళ్ళ కిందట, నాన్న రిటైర్మెంటు ఇంకా చాలా దూరం ఉండగా, ఆ అన్నయ్య వెళ్ళి పైఅధికారులకి చెప్పాడు, డ్రైవరుగారి కళ్ళకి రంగులు సరిగ్గా ఆనడం లేదు, పరీక్ష చేయించండి అని. నాన్నని పిలిచారు. రంగురంగుల చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే పుస్తకం ఒకటి చూపించి చదవమన్నారు. నాన్న చదవలేకపోయాడు. ఇంజను దింపేసి షెడ్డులో కాగితాల పని ఇచ్చారు.

"పుస్తకం పాతదమ్మా. రంగులన్నీ ఎలిసిపోనాయి. అందులో అంకెలు ఆ డాక్టరుకైనా కనబడవు" అన్నాడు నాన్న ఆ రోజు ఇంటికొచ్చి.

నేను నమ్మాను. అప్పీలు కూడా నేనే టైపు చేశాను. నాలుగు పేజీలు, బ్రహ్మాండమైన ఇంగ్లీషు, పుస్తకాల రంగులు ఎండకీ తేమకీ ఎలా వెలిసిపోతాయో ఒక పేజీ నిండా రాశాను. మళ్ళీ పరీక్ష చేశారు, వేరే ఊళ్ళో, వేరే పుస్తకంతో, రంగులు మారే దీపంతో కూడా. ఫలితం అదే. "ఆళ్ళందరూ ఒకటే" అన్నాడు నాన్న. రెండు ఊళ్ళలో రెండు పుస్తకాలూ వెలిసిపోవు కదా అని నేను అడగాల్సింది. కంప్యూటర్ సైన్సు చదివినదాన్ని, అడగలేదు. మా నాన్న అబద్ధమాడడు అన్నది మా ఇంట్లో గోడలాగా ఉండేది, దాన్ని ఎవరూ తట్టి చూడరు.

అన్నయ్య మా ఇంటికి రావడం మానేశాడు. మానేశాడో, మేం రానివ్వలేదో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. ఒక ఉదయం పూరీ గేట్ బజారులో చేపల వాడి ముందు కనబడ్డాడు. తెలుగువాళ్ళూ బెంగాలీలూ ఇరవై మంది ఉన్నారు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మా ఇంట్లో అన్నం తినీసి మా నాన్న పొట్ట కొట్టినావు. సిగ్గు నేదా నీకు? డ్రైవరు కుర్చీ కోసం ఇంతకి దిగినావా?"

అతను కోయించిన చేపని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. చేపల వాడు "దీదీ, ఇది ఎవరు తీసుకుంటారు?" అని బెంగాలీలో అడిగాడు. నేను తల ఎగరేసుకుని ఇంటికి వచ్చి అమ్మకీ నాన్నకీ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను. నాన్న విని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఆయన మనసు కాస్త చల్లబడిందనుకున్నాను. చాలా ఏళ్ళు నేను చేసిన మంచి పనుల్లో అదొకటి అని లెక్కలో వేసుకున్నాను.

నాన్న షెడ్డులోనే రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి పూరీ గేట్ వైపే రెండు గదుల ఇంట్లోకి వచ్చాం. నాన్న దవడన పొగాకు ఖైనీ పెట్టుకుని ముందుగదిలో టీవీ ఎదురుగా కూర్చునేవాడు, టీవీ చూసేవాడు కాదు. దూరంగా బండి కూత వినబడితే అది ఏ ఇంజనో, ఎన్ని పెట్టెలో మెల్లగా తనలో తను అనుకునేవాడు. అది చూసి చూసి నాకు ఒక ఆలోచన వచ్చింది. రైలు నడిపే ఆటలు ఉన్నాయి, ఇంజను లోపల మీటలతో సహా అన్నీ అసలులాగే ఉంటాయి. ఆయన దగ్గర లాక్కున్న కుర్చీ నేను తిరిగి తెచ్చిస్తాను. సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను. నాటకాల పిచ్చి నాకు కొంచెం ఉంది.

ఖరగ్‌పూర్ లైను దొరకలేదు. ఎవరో అభిమాని చేసినది ఒకటుంది గానీ బండి మొదటి స్టేషను దాటగానే ఆట మొత్తం ఆగిపోయి కంప్యూటర్ నీలంగా మారిపోతుంది. చివరికి ఏదో చలిదేశపు లైను పెట్టాను. ఇటూ అటూ మంచు, పట్టాల పక్కన ఒక మేక లేదు, ఒక మనిషి లేడు. నేను అప్పటికే సగం నిరాశపడ్డాను. ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, కీబోర్డు మీద బ్రేకుకి ఎర్ర స్టిక్కరు, వేగానికి పచ్చ స్టిక్కరు అంటించి నాన్నని పిలిచాను.

వారం రోజులు రానన్నాడు. ఒక ఆదివారం పొద్దున్న గడ్డం గీసుకుని, లుంగీ తీసేసి ప్యాంటు వేసుకుని, నీళ్ళ సీసా పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"మీ నాన్న ఏటి, పెళ్ళికెళ్తన్నాడా?" అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్న కీబోర్డు కేసి చూసి, "ఈ రంగులు పీకీ అమ్మా. అచ్చరాలు రాయి. ఇది బ్రేకు, ఇది నడక అని రాయి" అన్నాడు. ముసలాయనకి అక్షరాలైతే అలవాటు కాబోలని తెల్ల కాగితం ముక్కల మీద రాసి అంటించాను.

"గార్డేడి?"

"గార్డు నేడు నాన్నా, తీసీ."

"గార్డు నేకుండా ఎవులు జెండా ఊపినారని తియ్యమంటావు? బ్రేకు పరీక్ష ఎవులు సేసినారు?"

అరగంట పట్టింది బండి కదలడానికి. కదిలాక ఆయన వీపు నిటారుగా అయింది. ఎడమ చెయ్యి ఎక్కడా లేని మీట మీద ఆనినట్టు గాలిలో ఆగింది. మొదటి సిగ్నల్ దూరంగా మంచులో కనబడింది. మన దగ్గర సిగ్నల్‌కి పచ్చకి ఒక దీపం, పసుపుకి ఒక దీపం, ఎరుపుకి ఒక దీపం వేరువేరుగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఆ దేశంలో ఒకటే దీపం, అదే రంగులు మారుతుంది.

"ఒకటే దీపమేటి? ఇదేం సిగ్నలు?" అన్నాడు నాన్న, చిరాగ్గా. తర్వాత నాకేసి చూడకుండానే, "రా, పక్కన కూకో. అసిస్టెంటు నేకుండా బండి నడుస్తాదేటి?" అన్నాడు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కుర్చీ లాక్కుని కూర్చుని "పచ్చ" అని అరిచాను. "పచ్చ" అని అరిచాడు నాన్న. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడి చూసింది.

అలా నాలుగు ఆదివారాలు. ఇంటి నిండా మా అరుపులే. "పసుపు." "పసుపు." "ఎరుపు." "ఎరుపు." పక్కింటి వాళ్ళు గోడ మీంచి ఏమైందని అడిగారు. ఆటలో నూటికి నూరు మార్కులు, ఒక్క పొరపాటు లేదు. స్కూల్లో అందరికీ చెప్పాను, మా నాన్న కళ్ళు ఎలాంటివో చూడండి, ఆ డాక్టర్లని తీసుకొచ్చి చూపించాలి అని. ఆ నాలుగు వారాలూ నన్ను ఏ ఆటా నిరాశపరచలేదు.

ఐదో ఆదివారం ఆట మధ్యలో నాకు స్కూలు నుంచి ఫోనొచ్చింది. పరీక్షల టైంటేబుల్ గొడవ, తెగదు. ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. పావుగంట తర్వాత తిరిగొచ్చేసరికి బండి ఆగి ఉంది. ఎదురుగా సిగ్నల్. దీపం పచ్చగా, టీవీలోంచి గోడ మీద పడేంత పచ్చగా వెలుగుతోంది. నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెర కింద ఆలస్యం నిమిషాలు ఒక్కటొక్కటే పెరుగుతున్నాయి.

"ఆపినావేటి నాన్నా?"

"నువ్వు సెప్పనేదు గదా" అన్నాడు.

నేను నవ్వబోయాను. నోరు తెరిచాను కూడా. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. అది పొరపాటున నిజం జారిపోయినవాడి ముఖం. రైళ్ళలో ఒక నియమం ఉంది, దీపం ఏ రంగో తేలకపోతే అది ఎరుపే అనుకుని ఆపాలి. ఆయన ఆ నియమం ప్రకారం పావుగంట నుంచి పచ్చ దీపం ముందు బండి ఆపి కూర్చున్నాడు.

"అదేం రంగు నాన్నా?"

ఆయన తెర వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏదోటి సెప్పమంటే సెప్తాను" అన్నాడు.

నేను ఆట ఆపేశాను. టీవీ నల్లబడ్డాక మాట్లాడడం తేలికైంది. ఎప్పటినుంచి అని అడిగాను. ఇంజను దింపడానికి రెండేళ్ళ ముందు నుంచి అన్నాడు.

"మూడు దీపాలయితే పైదా, కిందిదా సూసి పోల్సుకునీవోడిని. దగ్గరకొస్తే తెలిసీది. దూరం నుంచి మన కుర్రోడు సెప్పీవోడు, ఆడు సెప్పిందే నేననీవోడిని. మంచు పొద్దుల్లో ఆడికి అనుమానం వచ్చింది. ఒకరోజు కావాలని సెప్పడం ఆపీసినాడు. నేను ఆపీసినాను బండిని, ఇలగే."

"అందుకని వెళ్ళి సెప్పీసినాడా?"

"వెంటనే సెప్పనేదు. మూడు నెలలు నా ఎనకాల పడ్డాడు. మీరే ఎళ్ళి సెప్పండి బాబాయ్, నేను సెప్తే బాగుండదు అని. సెప్తాను సెప్తాను అన్నాను. సెప్పనేదు."

"పుస్తకం రంగులు ఎలిసిపోనాయన్నావు."

"అన్నాను."

"పూరీ గేట్లో నేను ఆ మనిషిని తిట్టీసి వచ్చి నీకు సెప్తే ఇన్నావు. ఏటీ అననేదు."

నాన్న నీళ్ళ సీసా మూత తిప్పుతూ, "ఆ పొద్దు నా పక్కన నువ్వొక్కద్దానివే ఉన్నావమ్మా" అన్నాడు.

నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. నాకు అసహ్యం వేసింది. రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఆయన బండి ఎన్ని గేట్ల మీదుగా వెళ్ళిందో, గేటు దగ్గర సైకిళ్ళతో ఎంతమంది నిలబడ్డారో ఆలోచించాను. పచ్చ అని నేను అరిచిన ప్రతిసారీ ఆయన చూడకుండా వల్లించాడు. నాకు పదేళ్ళప్పుడు వల్లించకూడదని నేర్పినవాడు. నేను నాలుగు పేజీలు టైపు చేస్తుంటే పక్కన కూర్చుని టీ తాగినవాడు.

నెలరోజులు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆట తీసేశాను. కోపం చల్లారేకొద్దీ చిన్న చిన్న సంగతులు గుర్తొచ్చాయి. టమాటాలకి మీ నాన్నని పంపకు, పచ్చివి ఏరుకొస్తాడు అని అమ్మ ఎన్నేళ్ళుగానో అంటోంది. అందరం నవ్వేవాళ్ళం. మగవాళ్ళకి కూరలు కొనడం రాదని ఒక మాట అనేసి ఊరుకునేవాళ్ళం. నాన్న కూడా మాతోపాటు నవ్వేవాడు.

చివరికి ఒక సెలవు రోజు పొద్దున్నే నిమ్‌పురా వెళ్ళాను. అన్నయ్య ఇంకా ఆ పాత క్వార్టరులోనే ఉన్నాడు. ఇప్పుడు అతనే డ్రైవరు, మెయిలు రైళ్ళు నడుపుతున్నాడని విన్నాను. డ్యూటీకి తయారై వరండాలో ఇనప పెట్టె సర్దుకుంటున్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గానీ లోపలికి రమ్మనలేదు. తప్పు పట్టలేను.

"అన్నయ్యా, నాన్న నాకంతా సెప్పీసినాడు."

"ఏటి సెప్పినాడు?"

"నువ్వు మూడు నెలలు బతిమాలిన సంగతి. పుస్తకం సంగతి. ఆరోజు నేనన్న మాటలన్నీ తప్పు. క్షమించమని అడగడానికి వచ్చినాను."

అతను పెట్టెలో టార్చి పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"అయ్యన్నీ ఎప్పుడో అయిపోనాయి. వదిలీ."

"నీకు కోపం రానేదా?"

"ఎందుకు రాదు? వచ్చింది. రెండేళ్ళు ఆ బజారుకే ఎళ్ళనేదు. మా ఆవిడ అడిగితే అక్కడ చేప బాగోదని సెప్పీవోడిని."

"మరి అప్పుడే నాకు నిజం సెప్పొచ్చు గదా. అంతమందిలో మాటపడి వెళ్ళిపోనావు."

"బాబాయ్ సెప్పాల్సిన మాట నేనెలగ సెప్తానమ్మా? ఈరోజు కాకపోతే రేపు ఆయనే సెప్తాడనుకున్నాను."

అతను లోపలికి కేక వేసి టీ పెట్టమన్నాడు. అప్పుడు నా గుండె కొంచెం తేలికైంది. వచ్చిన పని అయిపోయిందనుకున్నాను. వరండా గట్టు మీద కూర్చున్నాను.

"బాబాయ్ కళ్ళు ఇప్పుడెలగున్నాయి?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతనే మళ్ళీ అన్నాడు.

"ఆ మొదటి పరీక్ష రోజు నేనూ ఎళ్ళినాను, తెరిసున్న తలుపు పక్కనే బయట బెంచీ మీద కూకున్నాను. డాక్టరు పెద్దాసుపత్రికి కాగితం రాసిచ్చినాడు. ఇది ఖైనీ వల్ల కావచ్చు, అది మానీసి, బేగి వైద్యం సేయిస్తే సూపు తిరిగి రావచ్చు, ఆలస్యమైతే మాత్రం కష్టం అన్నాడు. ఎళ్ళినారు గదా?"

ఆ కాగితం గురించి నేను ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో నాన్న కళ్ళు బాగున్నాయి. బాగోలేనిది పుస్తకం. పదేళ్ళలో ఒక్కరమైనా, అమ్మ గానీ నేను గానీ, ఆయన్ని కళ్ళ డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళలేదు. తీసుకెళ్తే ఆ కుర్రాడు చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆయన ఖైనీ డబ్బా అయిపోతే బజారు నుంచి నేనే తెచ్చిచ్చేదాన్ని.

"నేదు" అన్నాను.

లోపల గిన్నెల చప్పుడు వినబడుతోంది. అతను పెట్టె మూత వేసి, దాని మీదే కూర్చున్నాడు.

"ఇంజను దించీస్తే కళ్ళకి మందేయించుకుంటాడనుకున్నాను" అన్నాడు. "అందుకు కూడా గదమ్మా నేను సెప్పింది."